ఈసీయూ పోయిందని తేల్చే ముందు

పరకాల నుంచి ప్రశ్న అడిగిన వారి ఇబ్బంది క్లుప్తంగా ఇదీ. 2015 మోడల్ డీజిల్ కారు, 1,80,000 కిలోమీటర్లు తిరిగింది. గంటసేపు నడిచిన తరువాత, ముఖ్యంగా మధ్యాహ్నపు ఎండలో, ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోతోంది. సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు. అరగంట బానెట్ ఎత్తి పెట్టి చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఒకసారి అలా ఆగి ఉన్నప్పుడే మెకానిక్ వచ్చి, లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే ఇంజిన్ మాడ్యూల్ అసలు పలకలేదట. ఆ మాడ్యూలే ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె. దాంతో అది పోయిందని తేల్చి, కొత్తదానికి 60,000 రూపాయలు, హైదరాబాద్ నుంచి పాతది తెప్పిస్తే 18,000 రూపాయలు అవుతుందని చెప్పారు. ఈ రెండింటిలో ఏది మేలని మీరు అడిగారు.

ఇప్పటికైతే రెండూ వద్దు. హనుమకొండలో 22 ఏళ్లుగా బండ్ల ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. ఈసీయూ పోయిందనే మాటతో నా దగ్గరకు వచ్చిన బండ్లలో ఎక్కువ భాగానికి ఈసీయూ మార్చవలసిన అవసరమే రాలేదు. నిజంగా పోయిన వాటిలో కూడా, అది దానంతట అది పోయినవి తక్కువ. ఏదో ఒకటి దాన్ని చంపింది. ఆ చంపినదాన్ని పట్టుకోకుండా కొత్త పెట్టె బిగిస్తే అది కూడా అదే దారి పడుతుంది. కాబట్టి ముందు మీ బండిలో ఏం జరుగుతోందో తేల్చే పద్ధతి చెబుతాను, ఆ తరువాత మార్చే సంగతి చూద్దాం.

ఈసీయూ పని చూడడానికి చిక్కుగా కనిపించినా తర్కం సులువు. దానికి లోపలికి వచ్చేవి కొన్ని: బ్యాటరీ కరెంటు, ఎర్త్, సెన్సర్ల నుంచి సమాచారం. అది బయటికి ఇచ్చేవి కొన్ని: సెన్సర్లకు 5 వోల్టులు, ఇంజెక్టర్లకు పల్సులు, రిలేలకు ఆజ్ఞలు, స్కానర్‌కు జవాబులు. లోపలికి రావలసినవన్నీ సరిగ్గా వస్తున్నాయని మీటరుతో చూపించి, అయినా బయటికి రావలసినది రావడం లేదని కూడా చూపించగలిగితేనే అది దోషి. స్కానర్‌కు పలకలేదన్న ఒక్క లక్షణంతో దానిమీద నేరం మోపడం, ఇంట్లో బల్బు వెలగలేదని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందనుకోవడం లాంటిది.

వేడెక్కితే ఆగి, చల్లారితే నడిచే డీజిల్ బండి అనగానే ఎవరికైనా మొదట గుర్తుకు వచ్చేది, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో ఈసీయూకు చెప్పే క్రాంక్ సెన్సర్. దాని లోపలి తీగచుట్ట వేడికి తెగి, చల్లారాక మళ్లీ కలుసుకోవడం మామూలే. కానీ మీ వర్ణనలో ఒక ముక్క దానికి సరిపోదు. క్రాంక్ సెన్సర్ పోతే ఇంజిన్ ఆగుతుందే తప్ప ఈసీయూ మూగబోదు. స్కానర్ పెడితే శుభ్రంగా మాట్లాడుతుంది, చాలా బండ్లలో పీ0335 అనే కోడ్ కూడా చూపిస్తుంది. మీ బండిలో మాడ్యూలే పలకలేదంటే, ఆ సమయంలో దానికి కరెంటు అందకపోవడమో, ఎర్త్ తెగడమో, స్కానర్‌తో మాట్లాడే లైను చెడడమో, 5 వోల్టుల లైను ఎక్కడో బాడీకి తాకడమో, లేక పెట్టె లోపలే లోపం ఉండడమో అయి ఉండాలి. ఈ వరుస నేను ఊరికే పెట్టలేదు. నా అనుభవంలో ఇవి తగిలే క్రమం దాదాపు ఇదే.

ఇలాంటి లోపాన్ని బండి బాగా నడుస్తున్నప్పుడు గ్యారేజీలో నిలబెట్టి వెతికితే దొరకదు. ఆగినప్పుడే, చల్లారకముందే చూడాలి. అందుకని బండిలో ఒక మల్టీమీటర్, రెండు వైర్లు అతికించిన 21 వాట్ల ఇండికేటర్ బల్బు, ఈసీయూకు కరెంటు అందించే మెయిన్ రిలే కొత్తది ఒకటి పెట్టుకోండి. ఆగిన వెంటనే బండిని పక్కకు తీసి, తాళం తిప్పి ముందుగా మీటరు బోర్డు చూడండి. తాళం ఆన్ చేయగానే చెక్ ఇంజిన్ లైటు రోజూలాగే వెలిగిందా, లేదా? వెలగకపోతే ఈసీయూకు కరెంటు లేదన్న అనుమానం బలపడుతుంది. వెలిగినంత మాత్రాన కరెంటు ఉన్నట్టు ఖాయం కాదు, ఎందుకంటే కొన్ని మోడళ్లలో ఈసీయూ జాడ లేకపోతే మీటరు బోర్డే ఆ లైటును సొంతంగా వెలిగిస్తుంది. తరువాత అదే స్కానర్‌తో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూళ్లను పలకరించండి. అవి పలికి ఇంజిన్ ఒక్కటే పలకకపోతే స్కానర్‌లోనూ, దాన్ని గుచ్చే 16 పిన్నుల సాకెట్‌లోనూ దోషం లేదని తేలినట్టే. ఏవీ పలకకపోతే సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు, 4, 5 పిన్నులకు ఎర్త్ ఉన్నాయా అని చూడాలి. సిగరెట్ లైటర్ ఫ్యూజు పోయినందుకు స్కానర్ పనిచేయని బండ్లు కూడా చూశాను, ఎందుకంటే చాలా బండ్లలో ఆ రెండింటికీ ఒకటే ఫ్యూజు.

ఇక కరెంటు, ఎర్త్ సంగతి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. ఈసీయూకు వైర్లన్నీ తగిలే కప్లర్ ఊడదీసి, మీటరు పెట్టి, 12.4 వోల్టులు చూపించగానే కరెంటు బాగుందని రాసుకుంటారు. మీటరుకు కావలసిన కరెంటు దాదాపు సున్నా. వైరులో ఇరవై పోగులలో పంతొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా అది 12.4 చూపిస్తుంది. ఆ ఒక్క పోగు మీద ఈసీయూ నడవదు. అందుకే బల్బు. కరెంటు వచ్చే పిన్ను తాలూకు వైరుకూ, ఎర్త్ పిన్ను తాలూకు వైరుకూ మధ్య ఆ 21 వాట్ల బల్బును కలిపితే అది ఒకటిముప్పావు ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీ మీద నేరుగా పెడితే ఎంత తెల్లగా వెలుగుతుందో ఇక్కడా అంతే తెల్లగా వెలగాలి. కొంచెం ఎర్రబారినా ఆ దారిలో ఎక్కడో అడ్డు ఉన్నట్టు. ఒక్కో కరెంటు పిన్నునూ, ఒక్కో ఎర్త్ పిన్నునూ విడివిడిగా చూడాలి. చాలా బండ్లలో మెయిన్ రిలేను లాగేది ఈసీయూనే కాబట్టి, కప్లర్ ఊడదీస్తే ఆ రిలే నుంచి వచ్చే పిన్నుల్లో కరెంటు కనబడదు. రిలే ఊడదీసి దాని సాకెట్‌లో 30, 87 గుంటలను ఫ్యూజు ఉన్న వైరుతో కలిపి అప్పుడు చూడాలి. టెస్ట్ లైట్ మొనను కప్లర్ పిన్నులోకి బలంగా గుచ్చకండి. పిన్ను వెడల్పయిందంటే మీరే కొత్త లోపాన్ని పుట్టించినవారవుతారు. అలాగే ఈ బల్బును సెన్సర్ వైర్ల మీద ఎప్పుడూ పెట్టవద్దు. అవి అంత కరెంటు మోయడానికి ఉన్నవి కావు.

నిరుడు వేసవిలో ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తెచ్చే ఒక పికప్ బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. అప్పటికే రెండు ఈసీయూలు మార్చారు, అసలుదాన్ని కూడా సంచిలో వేసి తెచ్చారు. ఆ డ్రైవరు నా ముందే మూడింటినీ ఒకదాని తరువాత ఒకటి బిగించి చూపించాడు. మూడూ ఒకే తీరు, పావుగంట నడిచి ఆగడం. మూడు పెట్టెలూ ఒకే రకంగా చెడిపోవు కదా అని బల్బు పెట్టాను. మొదట తెల్లగానే వెలిగింది. రేడియేటర్ ఫ్యాన్ తిరగగానే బల్బు నారింజ రంగుకు దిగి, ఫ్యాన్ ఆగగానే మళ్లీ తెల్లబడింది. బ్యాటరీ ట్రే ఎత్తి చూస్తే దాని కింద చాసిస్‌కు బిగించిన ఎర్త్ లగ్గు. పైకి బోల్టు గట్టిగానే ఉంది. ఊడదీస్తే లగ్గుకూ ఇనుముకూ మధ్య బ్యాటరీ ఆసిడ్ కారి పచ్చటి చిలుము, దాని కింద తుప్పు, ఆ తుప్పు కింద బాడీ పనిలో ఎవరో కొట్టిన పెయింటు. ఫ్యాన్, ఈసీయూ రెండూ ఆ ఒక్క లగ్గు మీదే ఆధారపడ్డాయి. ఇనుము మెరిసేదాకా ఎమరీతో గీకి, కొత్త లగ్గు కొట్టి, బిగించాక పైన గ్రీజు పూశాను. బండి సాయంత్రానికి బస్తాలతో వెళ్లిపోయింది. రెండు పెట్టెల డబ్బు మాత్రం వెనక్కి రాలేదు.

ఎర్త్‌ను ఇంకా సూక్ష్మంగా చూడాలంటే కప్లర్ బిగించి ఉంచి, ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి, మీటరు నల్ల మొన బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద, ఎర్ర మొన కప్లర్ వెనక నుంచి ఈసీయూ ఎర్త్ వైరు మీద పెట్టండి. 0.1 వోల్టు లోపు ఉంటే బాగున్నట్టు. 0.3 దాటితే ఎక్కడో ఎర్త్ పని చేయించాల్సిందే. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ మీద 9.6 వోల్టుల కంటే కిందికి పడితే ముందు బ్యాటరీ సంగతి చూసుకోవాలి. అంతకంటే దిగితే కొన్ని ఈసీయూలు సెల్ఫ్ మధ్యలోనే రీసెట్ అయి, పోయినట్టే నటిస్తాయి.

మెయిన్ రిలే గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. వేడికి దాని లోపలి సోల్డర్ వదిలేసి, చల్లారితే పట్టుకునే లక్షణం మీ బండి వర్ణనకు అచ్చంగా సరిపోతుంది. ఆగినప్పుడు దాన్ని తీసి మీ దగ్గరున్న కొత్త రిలే పెట్టండి. వెంటనే స్టార్ట్ అయితే మీ ఖర్చు కొన్ని వందల రూపాయలతో ముగిసినట్టు. ఫ్యూజు డబ్బాలో పక్కనున్న హారన్ రిలే తీసి పెట్టేవారు, దాని మీది నంబరూ పిన్నుల అమరికా ఒకటేనని చూసుకున్నాకే పెట్టాలి.

కరెంటు, ఎర్త్ బాగున్నా ఈసీయూ మూగగా ఉంటే 5 వోల్టుల లైను చూడాలి. చాలా మంది మెకానిక్‌లు దాటవేసే మెట్టు ఇది. యాక్సిలరేటర్ పెడల్, ఇంజెక్టర్లకు వెళ్లే డీజిల్ ఒత్తిడి చూసే రైల్ ప్రెషర్ సెన్సర్, టర్బో గాలి ఒత్తిడి చూసే సెన్సర్ లాంటి మూడు వైర్ల సెన్సర్లకు ఈసీయూ తన లోపలి నుంచే 5 వోల్టులు పంపుతుంది. ఒకే లైను మీద మూడు నాలుగు సెన్సర్లు ఉంటాయి. వాటిలో ఒక్కటి లోపల షార్ట్ అయినా, ఒక్క వైరు రాపిడికి చర్మం ఊడి ఇంజిన్‌కు తాకినా, ఆ లైను మొత్తం సున్నాకు పడిపోతుంది. కొన్ని ఈసీయూలు పీ0642 లాంటి కోడ్ ఇచ్చి ఊరుకుంటాయి, కొన్ని మాత్రం పూర్తిగా నిద్రపోతాయి. పరీక్ష సులువు: తాళం ఆన్‌లో పెట్టి ఏదైనా మూడు వైర్ల సెన్సర్ కప్లర్ దగ్గర 5 వోల్టులు ఉన్నాయా చూడండి. లేకపోతే మీటరును అలాగే ఉంచి, మరొకరి చేత ఒక్కొక్క సెన్సర్ కప్లర్‌ను ఊడదీయించండి. దేన్ని తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వచ్చాయో అదే దొంగ. అన్నీ తీసినా రాకపోతే దోషం వైరింగ్‌లోనో, ఈసీయూలోనో ఉంది. అప్పుడు ఈసీయూ దగ్గర ఆ పిన్నును మాత్రం విడదీసి చూస్తే ఆ రెండింటిలో ఏదన్నది తేలిపోతుంది.

వైరింగ్ అనగానే ఎలుకల మాట రాకుండా ఉండదు. మార్కెట్ యార్డుల దగ్గర, రైస్ మిల్లుల దగ్గర నిలిపే బండ్లలో ఇది ఏడాది పొడవునా ఉండే బాధ. ఇంజిన్ మీద పొగాకు కట్ట వేలాడదీసే వారిని చూసి నవ్వను, పనిచేస్తుందని హామీ కూడా ఇవ్వను. ఎలుక కొరికిన వైరు పైనుంచి కనబడితే అదృష్టమే. ఎక్కువసార్లు అది ఇంజిన్ వెనక, బానెట్ ఇన్సులేషన్ కింద, వైర్ల కట్టను కప్పే హార్నెస్ గొట్టం లోపల ఉంటుంది. గొట్టం మీద చిన్న చిన్న ముక్కలు, ఎలుక పెంటికలు కనిపిస్తే ఆ చోటు గొట్టం విప్పి చూడకుండా వదలకండి.

మాట్లాడే లైను పరీక్షకు బ్యాటరీ మైనస్ తీసేసి, స్కానర్ సాకెట్‌లోని 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. ఆ రెండు తీగల చివరలలో 120 ఓమ్స్ రెసిస్టర్లు రెండు ఉంటాయి కాబట్టి 60 దగ్గర చూపించాలి. 120 చూపిస్తే ఒక చివర తెగినట్టు, సున్నాకు దగ్గరగా ఉంటే రెండు తీగలూ ఎక్కడో కలిసిపోయినట్టు.

ఇవన్నీ ఆగిన క్షణంలో బాగున్నాయని తేలితే అప్పుడు నేనూ ఈసీయూ వైపే వేలు చూపిస్తాను. వేడికి ఆగే బండి కాబట్టి ఇంకొక నిర్ధారణ చేసుకోవచ్చు. చల్లగా ఉన్నప్పుడు ఇంజిన్‌ను నిలకడగా తిప్పుతూ, ఈసీయూ పెట్టె ఒక్కదాన్ని తల ఆరబెట్టుకునే హెయిర్ డ్రైయర్‌తో మెల్లగా వేడి చేయాలి. చేయి ఆనించి ఎక్కువసేపు ఉంచలేనంత వేడి, అంటే సుమారు 60 డిగ్రీలు, చాలు. మే నెలలో మన దగ్గర బయటే 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు బానెట్ కింద అంతకంటే ఎక్కువే ఉంటుంది. పెట్టె ఒక్కటి వేడెక్కినప్పుడే ఆగి, తడిగుడ్డ చుట్టిన మంచు ప్యాకెట్ పెట్టగానే నడిస్తే లోపలి సోల్డర్ పగుళ్లో, బోర్డు లోపమో అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. పరిశ్రమల్లో వాడే హాట్ ఎయిర్ గన్‌తో ఈ ప్రయోగం చేయకండి, బాగున్న బోర్డు కూడా ఉడికిపోతుంది. పీ0601, పీ0606 లాంటి కోడ్‌లు ఈసీయూ తన మెమరీ గురించి, ప్రాసెసర్ గురించి తానే చేసుకునే ఫిర్యాదులు. వాటిని పట్టించుకోవాలి కానీ, బ్యాటరీ వోల్టేజీ పడిపోయినప్పుడు కూడా అవి నమోదు కావడం చూశాను. తుడిచేసి, సరైన బ్యాటరీతో మళ్లీ వస్తున్నాయా అని చూశాకే నమ్మాలి.

ఇప్పుడు చంపినదెవరు అన్న ప్రశ్న. మన ప్రాంతంలో నేను ఎక్కువగా చూసిన కారణం వెల్డింగ్. పికప్ బండికి క్యారియర్, కారుకు గార్డు అతికించేటప్పుడు బ్యాటరీ మైనస్ తీయకుండా బాడీకి వెల్డింగ్ ఎర్త్ తగిలిస్తారు. ఆ కరెంటు బాడీ గుండా తిరుగుతూ ఈసీయూ ఎర్త్ దారిని కూడా వాడుకుంటుంది. రెండోది పాతకాలపు ఒక అలవాటు. డైనమో చార్జింగ్ ఇస్తోందా అని చూడడానికి నడుస్తున్న ఇంజిన్ మీద బ్యాటరీ టెర్మినల్ ఊడదీస్తారు. ఎలక్ట్రానిక్స్ లేని పాత జీపుల్లో, ట్రాక్టర్లలో అది చెల్లింది. ఇప్పటి బండ్లలో బ్యాటరీ అనే ఆనకట్ట తీసేసిన క్షణంలో, లోపల రక్షణ డయోడ్లు లేని డైనమో అయితే వోల్టేజీ 80 కూడా దాటవచ్చు. మీటరుతో 13.8 నుంచి 14.5 మధ్య చూసుకుంటే సరిపోయే పనికి ఇంత సాహసం ఎందుకో నాకు అర్థం కాదు. రెగ్యులేటర్ చెడి 16 దాటుతున్న డైనమో కూడా పెట్టెను మెల్లగా చంపేదే. చార్జింగ్ కేబుళ్లు తలకిందులుగా పెట్టడం మూడోది. షార్ట్ అయిన ఇంజెక్టర్ గానీ, పెట్రోల్ బండ్లలో ఇగ్నిషన్ కాయిల్ గానీ తనను నడిపే డ్రైవర్ చిప్‌ను కాల్చేయడం నాలుగోది. బోర్డు మీద ఒకే చోట నల్లటి మచ్చ కనిపిస్తే ఆ చిప్ నడిపే భాగాన్ని పరీక్షించకుండా కొత్త ఈసీయూ కప్లర్ తగిలించవద్దు. కామన్ రైల్ ఇంజెక్టర్లలో కాయిల్ ఉన్న రకానికి రెసిస్టెన్స్ ఒక ఓమ్ కంటే తక్కువే ఉంటుంది కాబట్టి మామూలు మీటరుతో తేడా దొరకడం కష్టం, కానీ ఇంజెక్టర్ పిన్నుకూ బాడీకీ మధ్య కరెంటు దారి ఉందా అన్నది మామూలు మీటరుతోనే తెలుస్తుంది. ఉండకూడదు.

నీళ్ల సంగతి వేరుగా చెప్పాలి. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు, ఆ వారమంతా భూపాలపల్లి, ములుగు, హనుమకొండ వైపుల నుంచి మునిగిన బండ్లు వరుసగా వచ్చాయి. వాటిలో బతికిన ఈసీయూలకూ చచ్చినవాటికీ తేడా నీటి లోతు కాదు, నీరు తీశాక యజమాని ఏం చేశాడన్నదే. తాళం తిప్పి చూసినవారి పెట్టెలు చాలావరకు పోయాయి. మొదట బ్యాటరీ మైనస్ తీసి, ఈసీయూను ఊడదీసి, కప్లర్‌లోని బురదను శుభ్రమైన నీటితోనూ, ఆ తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనూ కడిగి, రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టినవారివి కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి. మేడారం జాతరలో జంపన్న వాగు నీళ్లలో బండి దింపి కడిగేవారూ, వాటర్ సర్వీసింగ్‌లో ఇంజిన్ మీదికి పైపు పెట్టించేవారూ ఇది గుర్తుంచుకోవాలి. నీరు కప్లర్ మూతలోంచే వెళ్లాలని లేదు. ఎక్కడో దూరంగా చర్మం ఊడిన వైరులోంచి, రాగి పోగుల మధ్యగా పాకి, నెలల తరువాత ఈసీయూ పిన్నుల దగ్గర తేలుతుంది.

దోషం నిజంగా పెట్టెదేనని తేలితే మీ ముందు మూడు దారులు ఉంటాయి. మొదటిది బాగు చేయించడం. సోల్డర్ పగులు, కాలిన డ్రైవర్ చిప్, చెడిన కెపాసిటర్ లాంటివి పని తెలిసినవారు బాగు చేయగలరు, బండి తాలూకు సమాచారం అందులోనే ఉంటుంది కాబట్టి మిగతా తలనొప్పులు ఉండవు. మీ లక్షణం వేడి తాలూకుది కాబట్టి నేనైతే ముందు ఈ దారినే చూస్తాను. కానీ కొన్ని పెట్టెల లోపల సెరామిక్ పలక మీద వెంట్రుక లాంటి తీగలతో అల్లి, పైన జెల్ పోసి ఉంటుంది. దాన్ని మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో ముట్టుకోకూడదు, ముట్టుకుంటానన్నవారికి ఇవ్వకూడదు.

రెండోది కొత్తది. కొత్త ఈసీయూ ఖాళీ పలక లాంటిది. కంపెనీ సర్వీసులో దాన్ని మీ ఛాసిస్ నంబరుకు ప్రోగ్రామ్ చేసి, మీ తాళంచెవుల్లోని చిప్‌లకు కలిపి, ప్రతి ఇంజెక్టర్ తల మీద ముద్రించి ఉన్న కోడ్‌ను దానికి చెప్పాలి. ఈ చివరి మెట్టును చాలాచోట్ల వదిలేస్తారు. ఇంజెక్టర్లు ఒకే కొలతకు తయారైనట్టు కనిపించినా ఒక్కోటి పోసే డీజిల్‌లో వెంట్రుకవాసి తేడా ఉంటుంది, ఆ కోడ్ ఆ తేడాను ఈసీయూకు చెబుతుంది. అది ఇవ్వకపోతే బండి స్టార్ట్ అవుతుంది, కానీ ఐడ్లింగ్‌లో ఊగుతుంది, పొగ ఎక్కువ వస్తుంది, కొత్త ఈసీయూయే పాడని మళ్లీ గొడవ మొదలవుతుంది. 2020 ఏప్రిల్ 1 తరువాతి బీఎస్-6 డీజిల్ బండ్లలో అయితే పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్‌లో పేరుకున్న మసి, బూడిద లెక్కలు కూడా బదిలీ చేయాలి. మీ 2015 బండికి ఆ బెడద లేదు.

మూడోది మీకు 18,000 చెప్పిన పాతది. బిగించగానే నడుస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. అది తన పాత బండి తాళంచెవినే గుర్తుపడుతుంది, మీ చెవిని దొంగగా చూస్తుంది. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ ఒక్క క్షణం అందుకుని ఆగుతుంది, లేదా అసలు అందుకోదు. దీన్ని వాడాలంటే మీ పాత ఈసీయూ మెమరీని చదివి దీనిలోకి దించాలి, దీన్నే క్లోనింగ్ అంటున్నారు. అలా చేస్తే ఛాసిస్ నంబరు, తాళం, ఇంజెక్టర్ కోడ్‌లు అన్నీ మీవే వస్తాయి. దీనికి రెండు షరతులు. పాత పెట్టె చదవడానికి వీలైన స్థితిలో ఉండాలి. స్టిక్కర్ మీది హార్డ్‌వేర్ నంబరు అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఒకే కారు, ఒకే ఏడాది అయినా చివరి రెండు అంకెలు వేరైతే లోపలి బోర్డు వేరు కావచ్చు. బాష్, డెన్సో, మారెల్లి ఎవరిదైనా సరే, ఫోటో తెప్పించుకుని మీ స్టిక్కర్ పక్కన పెట్టి అంకె అంకె చదవండి. బిల్లు లేకుండా అమ్మేవారి దగ్గర కొనకండి, అది ఎవరి బండిలోంచి ఊడిందో మీకు తెలియదు. తాళం తతంగమే లేకుండా, తెలియని చెవితో ఇంజిన్ నడవనివ్వని ఇమ్మొబిలైజర్‌ను చెరిపేస్తామనేవారు కూడా ఉన్నారు; అలా చేసిన బండిని వైర్లు కలిపి ఎవరైనా తోలుకుపోవచ్చు, రేపు దొంగతనం జరిగితే బీమా కంపెనీకి మీరు ఏమని చెబుతారో ముందే ఆలోచించుకోండి.

ఏ దారి అయినా ప్రోగ్రామింగ్ జరిగేటప్పుడు వోల్టేజీ నిలకడగా ఉండాలి. మధ్యలో బ్యాటరీ దిగిందా, సగం రాసిన మెమరీతో పెట్టె ఇటుక అవుతుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని మన దగ్గర ఒక్క చార్జర్‌ను నమ్ముకోవడం సరికాదు. నిండుగా చార్జ్ అయిన రెండో బ్యాటరీని జోడించి, హెడ్‌లైట్లు, ఏసీ, ఫ్యాన్ అన్నీ ఆపి, లాప్‌టాప్‌కు కూడా నిండు చార్జింగ్ ఉంచుకుని మొదలుపెట్టాలి.

పెట్టె ఊడదీసేటప్పుడు తాళం ఆపాక కొన్ని నిమిషాలు ఆగండి. ఈసీయూ తన లెక్కలు రాసుకుని మెయిన్ రిలేను వదిలే సమయం అది. ఆ తరువాత బ్యాటరీ మైనస్ తీసి, కప్లర్ లివర్‌ను నెమ్మదిగా ఎత్తాలి. లివర్ బిగుసుకుంటే స్క్రూడ్రైవర్‌తో పెకిలించకుండా దుమ్ము ఊది, మెల్లగా ఆడించండి. కొన్ని బండ్లలో పెట్టెకు ఎర్త్ దాని బోల్టుల గుండానే ఉంటుంది కాబట్టి ఆ బోల్టులు, బ్రాకెట్ శుభ్రంగా ఉండాలి. కొత్తది బిగించాక వెంటనే సెల్ఫ్ కొట్టకండి. ముందు తాళం ఆన్ చేసి 5 వోల్టులు, బ్యాటరీ వోల్టేజీ, స్కానర్‌లో ఉష్ణోగ్రత లాంటి విలువలు నమ్మేటట్టుగా ఉన్నాయా చూసి, ఆ తరువాతే స్టార్ట్ చేయాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్కానర్‌లో ఇంజిన్ వేగం 200 నుంచి 300 మధ్య కనబడాలి, రైల్ ప్రెషర్ సుమారు 200 బార్ దాటాలి. వేగం సున్నా చూపిస్తే మొదట పక్కన పెట్టిన ఆ క్రాంక్ సెన్సర్‌నే మళ్లీ పిలవాలి. చివరిగా, మీ లోపం వేడి వల్ల వచ్చేది కాబట్టి చల్లటి ఉదయం పరీక్షించి డబ్బు ఇచ్చేయకండి. మధ్యాహ్నం ములుగు రోడ్డు మీద గంటన్నర తిప్పి, వెనక్కి వచ్చి, ఇంజిన్ ఆపి, వేడి మీదే మళ్లీ స్టార్ట్ చేసి చూడండి.

ఈసారి ఆగినప్పుడు బల్బు ఎంత వెలిగింది, 5 వోల్టులు ఉన్నాయా, రిలే మారిస్తే ఏమైంది, ఈ మూడూ రాసి పంపితే ఎటు వెళ్లాలో చెప్పగలను. ఒకవేళ ఈలోపే ఎవరైనా ఈసీయూ మార్చేస్తే పాత పెట్టెను మాత్రం గ్యారేజీలో వదిలి రాకండి. మీ బండి తాళమూ, ఇంజెక్టర్ల లెక్కలూ దాని లోపలే ఉన్నాయి. కొత్తది మొరాయించిన రోజున అవి తిరిగి దొరికేది అందులోనే.